శ్రుతిపెట్టె: చేసుకోవడమా, కొనుక్కోవడమా?

పాఠశాలకు శ్రుతిపెట్టె కావలెననుకున్నప్పుడు ఉపాధ్యాయుల ముందు రెండు దారులుంటవి. బజారులో దొరికే ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను కొనడం ఒకటి. విడిభాగాలు తెచ్చి విద్యార్థులచేత చేయించడం రెండవది. ఈ చర్చ వచ్చినప్పుడల్లా మొదట లేచే మాట ఖరీదు. కొంటే కొన్ని వేలు, చేసుకుంటే కొన్ని వందలు. కాబట్టి చేసుకోవడమే మేలని తేల్చివేస్తారు. ఖరీదు అసలు మొదటి ప్రశ్నే కాదని, అది ఆఖరున అడగవలసినదని నా అభిప్రాయం. ఆ పెట్టె పలికే స్వరం సరియైనదా కాదా అన్నది ముందు చూడవలెను. చేసి చూపించినవారిలోనూ, చూసి మెచ్చుకున్నవారిలోనూ ఈ సంగతిని చెవితో పరీక్షించినవారు తక్కువ.

ఆలేరు, కొలనుపాక, యాదగిరిగుట్ట ప్రాంతాల భజనలలో శ్రుతి ఇచ్చేది హార్మోనియం పెట్టె. బడిలో ఆ పెట్టె ఉండదు. ఉదయం ప్రార్థనకు ముందు నిలబడిన బాలిక ఏ స్థాయిలో ఎత్తుకుంటే అదే శ్రుతి. అనుపల్లవి వద్ద గొంతు అందక వెనుక వరుసలవారు నోరు మూసుకుంటారు. వారికి సంగీతం రాదని మనం అనుకుంటాం. నిజానికి వారికి లేనిది శ్రుతి, గొంతు కాదు. ఈ లోటును తీర్చే పరికరం ఎట్లా ఉండవలె నన్నదే ఇక్కడి విచారం.

వైజ్ఞానిక ప్రదర్శనలలో తరచుగా కనిపించే వాయిద్యం ఎనిమిది మీటల ఎలక్ట్రానిక్ ఆర్గన్. దీని గుండెకాయ 555 అనే టైమర్ చిప్పు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించగా సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో అమ్మకానికి తెచ్చిన ఈ చిప్పు నేటికీ నాలుగు ఇడ్లీల ధరకు దొరుకుతున్నది. దీనిలో ఒక కెపాసిటర్ నిరోధకాల ద్వారా నిండుతూ, ఖాళీ అవుతూ ఉంటుంది. ఎంత వేగంగా నిండి ఖాళీ అయితే సెకనుకు అన్ని కంపనాలు. అంటే అంత పౌనఃపున్యం. ఈ పౌనఃపున్యానికి సూత్రం తేలికయైనది. 1.44ను, మొదటి నిరోధానికి రెండవ నిరోధపు రెట్టింపు కలిపి కెపాసిటర్ విలువతో గుణించగా వచ్చినదానితో భాగించవలెను. ఎనిమిది మీటలకు ఎనిమిది వేరు వేరు రెండవ నిరోధకాలు తగిలిస్తే ఎనిమిది స్వరాలు పలుకవలెను.

లెక్క వేసి చూద్దాం. కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, మొదటి నిరోధకం 1 కిలోఓమ్, రెండవది 27 కిలోఓమ్‌లు అనుకొందాం. పౌనఃపున్యం 261.8 హెర్ట్‌జ్ వస్తుంది. హార్మోనియంలో ఒకటి శ్రుతి అనే తెల్లమెట్టు ధ్వని దాదాపు ఇదే. ఇది మన సా. ఆరంభం శుభంగానే ఉన్నది.

పా అంటే దీనికి ఒకటిన్నర రెట్లు, 392.7. దానికి రెండవ నిరోధకం 17.8 కిలోఓమ్‌లకు కొద్దిగా ఎక్కువ ఉండవలెను. అంగడిలో దొరికేది 18. దానితో వచ్చేది 389.2 హెర్ట్‌జ్. సంగీతంలో అతి చిన్న మెట్టును నూరు భాగాలు చేసి ఒక్కొక్క దానిని సెంటు అంటారు. ఇక్కడ పా సుమారు 16 సెంట్లు దిగిపోయినది. శిక్షణ పొందిన చెవి ఐదారు సెంట్ల తేడాను పట్టగలదు. గాంధారం ఇంకా అన్యాయం. 5/4 నిష్పత్తి ప్రకారం 327.2 రావలసిన చోట, 22 కిలోఓమ్‌ల నిరోధకంతో 320 వస్తున్నది. సుమారు 39 సెంట్ల లోటు. ఇక రిషభానికి చోటే లేదు. దానికి దాదాపు 24 కిలోఓమ్‌లు కావలె. సామాన్యంగా దొరికే వరుసలో 22 తరువాత 27. అక్కడ ఉన్న రెండు ఇళ్ళలో ఒకదానిలో సా, రెండవదానిలో గా కాపురముంటే రి ఎక్కడికి పోవలె?

ఈ చిక్కుకు కారణం ఉన్నది, అది చిత్రమైనది కూడా. నిరోధకాల సామాన్య వరుసలో 1 నుండి 10 వరకు పన్నెండు మెట్లుంటవి; ఒక్కొక్క మెట్టు ముందుదానికి సుమారు 21 శాతం పెద్దది. హార్మోనియంలోనూ సా నుండి పై సా వరకు పన్నెండు మెట్లే. కాని అక్కడ మొత్తం ఎక్కేది రెండింతలే కాబట్టి ఒక్కొక్క మెట్టు 6 శాతం లోపే. రెండూ గుణశ్రేఢులే, రెండిటిలోనూ పన్నెండే. ఒకటి పది రెట్ల కొండను, మరొకటి రెండు రెట్ల గుట్టను పన్నెండు అడుగులలో ఎక్కుతున్నవి. పదవ తరగతిలో గుణశ్రేఢి పాఠం చెప్పే గణితోపాధ్యాయులు ఈ రెండు మెట్లదారులను నల్లబల్ల మీద పక్కపక్కన గీసి చూపవచ్చును.

ఇప్పటివరకు వేసిన లెక్క నిరోధకం మీద రాసి ఉన్న విలువను నమ్మి వేసినది. బంగారు రంగు పట్టీ ఉన్న నిరోధకం తన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చునని తయారీదారే ముందుగా చెప్పుకున్నాడు. 5 శాతమంటే 84 సెంట్లు. దాదాపు పూర్తి మెట్టు. అనగా పటంలో గీసినట్లే అతికినా, గా అనుకున్నది మా అయి కూర్చోవచ్చును. ఈ పటాలను అచ్చువేసే పుస్తకాలు ఎనిమిది నిరోధకాల పక్కన స రి గ మ ప ద ని స అని నిశ్చింతగా రాస్తవి. తీగలు ఎట్లా కలపవలెనో చెప్పి, శ్రుతి ఎట్లా కలపవలెనో చెప్పని పుస్తకం వాయిద్యం గురించి రాసిన పుస్తకం కానేకాదు.

ఇక్కడ ఒక భేదం గమనించవలెను. కెపాసిటర్ విలువ తప్పయితే ఏమవుతుంది? దానిని ఎనిమిది స్వరాలూ ఉమ్మడిగా వాడుకుంటవి కాబట్టి అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతవి, లేక తగ్గుతవి. ఒకటి శ్రుతి కాస్తా ఒకటిన్నర శ్రుతి కావచ్చును గాని రాగం చెడదు. పాడేవాడు సర్దుకొని పాడుకుంటాడు. పాలిస్టర్ కెపాసిటర్ విలువ ఒక్కొక్క డిగ్రీ వేడికి పది లక్షలలో సుమారు 400 వంతులు మారుతుంది. పుష్యమాసపు ఉదయానికి, రోహిణి కార్తె మధ్యాహ్నానికి 25 డిగ్రీల తేడా అనుకుంటే మొత్తం మార్పు 1 శాతం, 17 సెంట్లు. వేణువుతో కలిపి వాయిస్తే ఇది బయటపడుతుంది. ఒంటరిగా పాడేవారికి తెలియదు. (చవక సెరామిక్ బిళ్ళ కెపాసిటర్ల మార్పు దీనికంటె ఎంతో ఎక్కువ; వాటిని ఈ పనికి వాడరాదు.) నిరోధకాల తప్పు అట్లాంటిది కాదు. అది ఒక్కొక్క స్వరానికి వేరువేరుగా తగులుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతుంది. ఉమ్మడి తప్పు శ్రుతిని మారుస్తుంది, విడి తప్పు శ్రుతిని చంపుతుంది. మంచి వాయిద్యం కావలెనంటే తప్పులన్నిటినీ వీలైనంతవరకు ఉమ్మడి చేయవలెను.

ప్రతి నిరోధకానికి బదులు సన్న స్క్రూడ్రైవరుతో తిప్పి సరిచేయగల ప్రీసెట్ పెట్టవచ్చును గదా అని అడుగవచ్చును. పెట్టవచ్చును, పెట్టవలెను కూడా. అప్పుడు విద్యార్థి హార్మోనియం పక్కన కూర్చొని ఒక్కొక్క స్వరాన్నీ చెవితో కలపవలసి వస్తుంది. ఆ ఒక గంట పనిలో అతడు నేర్చుకునేది తీగలు అతికించిన రెండు రోజులలో నేర్చుకున్నదానికంటె ఎక్కువ. కాని ఆ పెట్టె బస్సెక్కి జిల్లా ప్రదర్శనకు చేరేసరికి రెండు ప్రీసెట్లు కదులుతవి. అక్కడ న్యాయనిర్ణేతలు పెట్టె ముందు నిలబడి దీపాలు వెలగడం చూస్తారు, చార్టు మీది అక్షరాలు చూస్తారు, చిప్పు పేరు అడుగుతారు. విద్యార్థి జనగణమన మొదటి చరణం వాయిస్తాడు. పాట గుర్తుపట్టగలిగితే చాలు, మార్కులు పడతవి. స్వరం తప్పినదని చెప్పేవారు లేరు. రసాయనశాస్త్ర ప్రదర్శనలో ద్రావణం రంగు తప్పితే ఊరుకోని మనం, జాతీయగీతంలో గాంధారం తప్పితే ఎందుకు ఊరుకుంటున్నామో ఆలోచించవలెను.

ఇక కొనే వాయిద్యాల మాట. వీటిలో రెండు జాతులున్నవి. రెండిటినీ ఒక గాటన కట్టరాదు.

మొదటిది పిల్లల కీబోర్డు. దీనిలో స్వరాలన్నీ ఒకే స్ఫటిక డోలకం నుండి పుడతవి. పూర్వం ఇట్టి వాయిద్యాలలో వాడిన ఒక చిప్పు, సెకనుకు ఇరవై లక్షల స్పందనలను 239, 253, 268 ఇట్లా 478 వరకు పదమూడు సంఖ్యలతో భాగించి పదమూడు మెట్లు తయారుచేసేది. అష్టకాన్ని పన్నెండు సమభాగాలు చేసే పాశ్చాత్య పద్ధతికి అవి ఎంత దగ్గరగా వస్తవో లెక్కించి చూస్తే ముచ్చటేస్తుంది. పంచమంలో తేడా ఒక సెంటులో ఏడవ వంతు. అయితే ఆ పద్ధతే మనకు పూర్తిగా సరిపోదు. అందులో గాంధారం 400 సెంట్లు. తంబూరతో కలిసి నిలిచే 5/4 గాంధారం 386. ఈ 14 సెంట్ల తగాదా చిన్నదేమీ కాదు. హార్మోనియం మెట్లు మన స్వరాలకు, గమకాలకు ఒదగవన్న వాదన బలపడి ఆలిండియా రేడియో 1940లో దానిని నిషేధించగా ఆ నిషేధం 1971 వరకు సాగినది. నిషేధం అతి అని నా ఉద్దేశం. భజన మండలులు దానిని లక్ష్యపెట్టనూ లేదు. చెవి విషయంలో మాత్రం ఆ వాదించినవారు తప్పు చెప్పలేదు.

రెండవది ఎలక్ట్రానిక్ తంబూర, అనగా అసలైన శ్రుతిపెట్టె. బెంగళూరులో వేణు విద్వాంసుడు, ఇంజనీరు కూడా అయిన జి. రాజ్ నారాయణ్ 1979లో దీనిని తయారుచేసి ఆ యేడే మద్రాసు మ్యూజిక్ అకాడమీ సభలలో ప్రదర్శించినారు; రాడెల్ పేరుతో అమ్ముడవుతున్న పెట్టెలు ఆయన సంస్థవి. కొనడమే మేలనేవారు ఈ కథలో ఒక సంగతి మరువరాదు. మనం కొనే పెట్టె కూడా ఒకప్పుడు ఒక పాటగాడు తనకు కావలసి తయారుచేసుకున్నదే. అమెరికాలో రాబర్ట్ మూగ్ చిన్ననాడు తండ్రితో కలిసి పత్రికలోని పటం చూసి థెరమిన్ చేసినాడు. 1961లో ట్రాన్సిస్టర్ థెరమిన్ గురించి తానే వ్యాసం రాసి దాని కిట్లు అమ్మినాడు. 1964 నాటికి సింథసైజర్ చేసినాడు. ఆ మూగ్ సింథసైజరే 1969లో అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చినది. అక్కడి సంగీతశాల కొద్ది సంవత్సరాలే నడిచినది.

కొన్న శ్రుతిపెట్టెలో మెచ్చవలసినది నాదం. తంబూర తీగ నాదానికి ప్రత్యేకత ఏమిటో 1921లోనే సి. వి. రామన్ పరిశీలించి ప్రకటించినారు. గుర్రం మీది వంపు, జీవాళీ దారం వల్ల తీగ కంపనంలో మూలస్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉండే అనుస్వరాలన్నీ బలంగా పలుకుతవి. మామూలు సూత్రం ప్రకారం మీటిన చోట పుట్టకూడని అనుస్వరాలు సైతం పుడతవి. నేటి మంచి పెట్టెలు అసలు తంబూర ధ్వనినే గ్రహించి, నిల్వచేసి వినిపిస్తున్నవి. 555 ఇచ్చే చదరపు తరంగంలో బేసి అనుస్వరాలే ప్రధానం. అది వాహనపు హారను వలె మొరటుగా ఉంటుంది. ఈ విషయంలో ఇంట చేసిన పెట్టె కొన్నదానికి సాటిరాదు. ఒప్పుకోవలసినదే.

సెల్‌ఫోనులో ఉచితంగా దొరికే తంబూర ఉండగా ఇదంతా దేనికని అడిగేవారున్నారు. ఒక్కరు సాధన చేసుకోవడానికి అది బాగానే పనికివస్తుంది. దానిలోనూ స్ఫటికమే కాలాన్ని కొలుస్తుంది. ఆ చిన్న స్పీకరు 130 హెర్ట్‌జ్ సా ను పలికించలేకపోయినా, పై అనుస్వరాలు విని మన మెదడే లేని మూలస్వరాన్ని పూరించుకుంటుంది. ఇది స్వయంగా ఒక పాఠం. కాని ఆరుబయట రెండు వందలమంది పిల్లల ప్రార్థనకు ఆ ధ్వని చాలదు.

ఇంతవరకు చెప్పినదాని వల్ల నేను చేతిపనికి వ్యతిరేకినని తోచవచ్చును. నేను కాదన్నది ఎనిమిది మీటల ఆర్గన్‌ను. బడిలో చేయదగిన వాయిద్యం వేరొకటి ఉన్నది. దానిలో స్వరాలు వాయించే పని లేదు. శ్రుతి మాత్రమే ఉంటుంది. ఒకే ఒక డోలకం తీసుకొని దాని స్పందనలను 12, 9, 8, 6 సంఖ్యలతో భాగించవలెను. 12తో భాగించగా వచ్చినది సా. 9తో భాగిస్తే సా కు 4/3 రెట్లు, అనగా మధ్యమం. 8తో భాగిస్తే 3/2 రెట్లు, పంచమం. 6తో భాగిస్తే పై సా. ఈ నాలుగు అంకెలు పైథాగరస్ పేరుతో ప్రసిద్ధమైనవే. ఆయన సుత్తుల కథ కల్పితమైనా అంకెలు మాత్రం నిజం.

దీనికి కావలసినవి ఒక 555, మూడు 4017 లెక్కింపు చిప్పులు, ఒక 4013, చిన్న ఆంప్లిఫయరుగా 386, స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ. ఒక 4017లో 9వ ఫలితాన్ని, ఒకదానిలో 8వ దానిని, మూడవదానిలో 6వ దానిని రీసెట్ కాలికి కలిపితే అది అంతవరకే లెక్కించి మళ్ళీ సున్నకు వస్తుంది. ధ్వనిని క్యారీ అనే పన్నెండవ కాలి నుండి తీసుకోవలెను. ఆరు లెక్కను 4013 సగం చేస్తే పన్నెండు. 555 కు కెపాసిటర్ 0.01 మైక్రోఫారడ్, మొదటి నిరోధకం 1 కిలోఓమ్. రెండవదానిగా 22 కిలోఓమ్‌ల స్థిర నిరోధకానికి వరుసగా 25 కిలోఓమ్‌ల తిప్పుడు నిరోధకం. మీట ఒక కొస నుండి మరో కొసకు తిప్పితే సా సుమారు 126 నుండి 267 హెర్ట్‌జ్ వరకు పోతుంది. మగగొంతు శ్రుతి నుండి ఆడపిల్లల శ్రుతి దాకా అన్నీ అందులో ఇమిడినవి. మీట ఎక్కడున్నా, ఎండ కాసినా, నిరోధకం ఐదు శాతం అబద్ధమాడినా, పా మాత్రం సా కు సరిగ్గా ఒకటిన్నర రెట్లే. తప్పులన్నీ ఉమ్మడివైనవి. నాదం మొరటుదే, శ్రుతి మాత్రం నిష్కల్మషం. వేల రూపాయల కీబోర్డు పంచమం కంటె ఇది శుద్ధమైనది.

నమ్మకం కుదరకపోతే విస్పందనాలు వినవలెను. రెండు ధ్వనులు దాదాపు ఒకటై కొంచెం తేడా ఉంటే, వాటి కలయిక పెరుగుతూ తగ్గుతూ అల వలె వినిపిస్తుంది. సెకనుకు ఎన్ని అలలో అంత తేడా. సా యొక్క మూడవ అనుస్వరం, పా యొక్క రెండవ అనుస్వరం ఒకే చోట పడవలెను. బాగా శ్రుతి చేసిన హార్మోనియంలో ఒకే వరుస రీడ్లతో 130.8 హెర్ట్‌జ్ సా, దాని పా కలిపి నొక్కితే అవి 392.4 వద్ద, 392.0 వద్ద పడతవి. రెండు సెకన్లకు పైచిలుకుకు ఒక అల వినిపిస్తుంది. చేసిన పెట్టెలో సా, పా కలిపి వింటే అల ఉండదు. తరువాత, ఒకే రంగుల నిరోధకాలు, ఒకే రాత ఉన్న కెపాసిటర్లు వేసి వేరు వేరు బ్యాటరీలతో రెండు 555 డోలకాలు చేసి ఒకేసారి పలికించవలెను. 261 హెర్ట్‌జ్ వద్ద ఒక్క శాతం తేడాకే సెకనుకు రెండున్నర అలలు. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఖచ్చితత్వం అంటే ఏమిటో దీనికంటె బాగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు. గడియారం ముల్లు, రెండు చెవులు చాలును.

భాగాల కొరకు ఆలేరు స్టేషనులో రైలెక్కి సికింద్రాబాదులో దిగి కోఠి గుజరాతీ గల్లీకి పోతే అన్నీ ఒకే చోట దొరుకుతవి. ఒక పూట పని. రెండేసి చిప్పులు ఎక్కువ తెచ్చుకోవలెను, ఒకటి రెండు కాలిపోకుండా ఏ తరగతీ నేర్చుకోదు. ఒక్క హెచ్చరిక. అన్నీ అతికించి సిద్ధంగా అమ్మే బోర్డును కొని, అట్టపెట్టెలో బిగించి, మా విద్యార్థి చేసినాడని ప్రదర్శనకు పంపే అలవాటు పెరుగుతున్నది. అది చేయడమూ కాదు, కొనడమూ కాదు. రెండిటి ఖర్చూ ఉన్నది, రెండిటి ఫలమూ లేదు.

కాబట్టి రోజూ ప్రార్థనకు, సంగీతం నేర్పడానికి కావలెనంటే కొనండి. కొనేటప్పుడు శ్రుతిని సన్నగా సవరించే మీట, పా బదులు మా పలికే వీలు, తగిన స్పీకరు ఉన్నవో లేదో చూడండి. భౌతికశాస్త్రపు గదికి మాత్రం భాగహారపు పెట్టె చేయించండి. ఆ పెట్టె చేసిన తరువాత చురుకైన విద్యార్థి ఒక ప్రశ్న తప్పక అడుగుతాడు: ఇందులో గాంధారం ఎందుకు లేదని. 5/4 రావలెనంటే సా లెక్కను 5 నిశ్శేషంగా భాగించవలెను, 12ను భాగించదు. కాబట్టి సా కు 60 తీసుకోవలెను. అప్పుడు గా 48, మా 45, పా 40, దా 36, ని 32, పై సా 30. శంకరాభరణం దాదాపు దిగినట్లే. కాని రి 9/8 గదా. 60ని దానితో భాగిస్తే 53⅓ వస్తుంది, ఏ చిప్పూ మూడో వంతును లెక్కించదు. నిరోధకాలలో చోటు దొరకని రిషభానికి ఇక్కడా చోటు లేదు. దానికోసం అన్నిటినీ మూడుతో హెచ్చవేయవలెను: 180, 160, 144, 135, 120, 108, 96, 90. ఇంత లెక్కకు 4017 చాలదు, 4040 వంటి పెద్ద లెక్కింపు చిప్పు కావలెను. దాని కాళ్ళను ఎట్లా కలపవలెనో విద్యార్థులనే ఆలోచించనీయండి.